విద్యార్థి మొదటి నెల వ్యయము

విద్యకు ధనము కావలెననుట అందఱెఱిగిన మాటయే. కాని ఆ ధనము ఎప్పుడు, ఎవరి చేతికి అందవలెననుటను మాత్రము మనవారు చాలినంతగా విచారింపలేదు. విద్యార్థి వ్యయము రెండు విధములు. మొదటిది కళాశాలకు చెల్లింపవలసిన రుసుము. ఇది ప్రకటనలలో కనబడును, శాసనసభలలో చర్చకు వచ్చును. దీనిని తామే చెల్లింతుమని ప్రభుత్వములును వాగ్దానము చేయును. రెండవది, విద్యార్థి క్రొత్తయూరిలో కాలుమోపిన నాటినుండి తనకు ఏదేని యాధారము దొరకువఱకు కూటికిని, గూటికిని, పుస్తకములకును, దారిబత్తెమునకును పెట్టవలసిన ఖర్చు. దీని పేరు ఏ ప్రకటనలోను కానరాదు. రుసుము లేక చదువు మానినవారిని గుఱించి లోకము మాటలాడును. ఈ రెండవ ఖర్చునకు ఓర్వలేక మొదటి నెలలోనే మూట కట్టుకొని యింటికి మరలినవారిని ఎవ్వరును తలపరు. గడచిన నూటయేబదియేండ్లలో తెలుగువారి చదువుల చరిత్రను పరికించినచో, ఈ రెండవ వ్యయమే పలువురకు అడ్డుగోడ యైనదనియు, మొదటినాడే అన్నము పెట్టి చోటిచ్చినవారే విద్యార్థులను నిలిపిరనియు తేటపడును.

ఈ సంగతిని కన్నులార చూడగోరువారు హైదరాబాదు తూర్పుభాగముననున్న సరూర్‌నగర్ ప్రాంతమునకు పోయిన చాలును. విజయవాడనుండి వచ్చు రాజమార్గము లాల్ బహదూర్ నగర్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరును. నాగార్జునసాగరమునుండి వచ్చు బాటయు ఇచ్చటనే దానిని కలియును. కావున నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతముల పల్లెలనుండి పైచదువులకు బయలుదేరిన బాలబాలికలకు మహానగరమున ఎదురగు మొదటి వాడ యిదియే. ఇచ్చటి సందులలో వసతిగృహముల బోర్డులు వరుసగా వ్రేలాడుచుండును. ఒక్కొక్క గదిని ఇద్దఱు, ముగ్గురు, నలుగురు పంచుకొందురు. అద్దె గదికి గాక మంచమునకు కట్టుదురు. పట్టభద్రుడై పైతరగతిలో చేరవచ్చిన యువకుడు బస్సు దిగినదినమే ఒక నెల అద్దెయు, దానిపై అడ్వాన్సును చేత బెట్టవలెను. పిమ్మట పఱుపు, బకెట్టు, ప్రయాణమునకు చీటి, ప్రవేశపత్రముల నకళ్లు, పుస్తకములు, తరగతికి తగిన రెండు జతల బట్టలు వచ్చును. ఇవియన్నియు విడివిడిగా చిన్నవే. ఒక్క వారములో వచ్చుటచేత పెద్దవగుచున్నవి.

పూర్వము మనవా రీ చిక్కు నెట్లు తీర్చుకొనిరో చూతము. రైలుబండ్లకు ముందునుండియు మనదేశమున వారములు చేసికొను ఆచారము కలదు. పరాయియూర చదువుకొను పేదబాలుడు ఏడు గృహముల నాశ్రయించి, ఆదివారమొకయింట, సోమవారమొకయింట నిట్లు దినమున కొక్కయింట భుజించుచు చదువు సాగించెడివాడు. ఇందు ధనము చేతులు మాఱదు, దరఖాస్తు లేదు, గడువు లేదు. బాలుడు ఊరు చేరిన మఱునాటినుండియే వాని కడుపు నిండును. గృహస్థునకు ఒక విస్తరి యెక్కువగుటయే గాని వేఱుభారము లేదు. విద్యార్థి వ్యయములో మొదట రావలసినది అన్నమని యీ యాచారము నెలకొల్పినవారు గ్రహించియుండిరి.

అయినను దీనిలోని లోపములను దాచిపెట్టరాదు. ఏడిండ్లలో ఒకయింట అశౌచము వచ్చినను, ఇల్లాలికి జబ్బు చేసినను, ఆ దినము బాలునకు పస్తే. అన్నిటికంటె పెద్దలోపము, ఈ పంక్తిలో చోటు ఎక్కువగా బ్రాహ్మణబాలురకే దొరకుట. మాలమాదిగల బిడ్డకు వారమిచ్చు ఇల్లు ఏయూరను లేకుండెను. ఆడుపిల్ల ఒంటరిగా పరాయియూరికి పోయి వారము లడుగుటను ఆనాటి సంఘము ఊహింపనైన లేదు. కావున ఆ ధర్మము మంచిదే యయినను దాని యరుగు మిక్కిలి ఇఱుకైనది.

ఇంగ్లీషు చదువులు వచ్చినపిమ్మట రుసుమను క్రొత్తభారము దీనికి తోడయ్యెను. 1872వ సంవత్సరమున జన్మించిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి బాల్యము దీనికి నిదర్శనము. తండ్రి పోయిన పిమ్మట వారి తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లయిల్లు నడపి బిడ్డలను పెంచిరి. పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయలకై ఆ బాలుడు బంధువులయిండ్లకు నడచిపోయి రిక్తహస్తములతో మరలివచ్చుటయు, తుదకు తల్లి తన పట్టుచీరను తాకట్టుపెట్టి ఆ సొమ్ము తెచ్చుటయు వారి ‘నా జీవిత యాత్ర’ చదివినవా రెఱుగుదురు. మూడు రూపాయలు ఆనాడును కుబేరుని సొమ్ము కాదు. గడువు దాటకముందే అవి దొరకవలసియుండుటే కష్టము. ఆ గడువునాడు తల్లి పెట్టెలో పట్టుచీర లేకున్నచో, పిమ్మట ఎన్ని వందలు వచ్చినను ఆ యేటి పరీక్ష తిరిగి రాదు. ధనమునకు మొత్తమెంత ముఖ్యమో వేళయు అంత ముఖ్యమని యీ ఒక్క సంగతి తెలుపును.

పిదప సంస్కర్తలు ఈ భారమును గృహస్థుని విస్తరినుండి సంస్థల చేతికి మార్ప యత్నించిరి. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులైన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు తమ సంపాదనలో పెద్దభాగమును పేదవిద్యార్థులకు వెచ్చించి, అస్పృశ్యులనబడిన వారి బిడ్డలను చేరదీసిరి. వారి దృష్టిలో పేదవిద్యార్థికి తరగతిలో చోటిచ్చుటయు, వాని భోజనమునకు దారి చూపుటయు రెండు పనులు కావు. ఒకేపనికి రెండు సగములు.

సరూర్‌నగర్‌లోనే ఇట్టి యాలోచనకు ఒక పాతసాక్ష్యము నిలిచియున్నది. 1901వ సంవత్సరమున విక్టోరియా రాణి మరణించినపిమ్మట, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుగారి కాలమున, ఆమె జ్ఞాపకార్థముగా ఇచ్చట అనాథశరణాలయ మొకటి నెలకొన్నది. 2018వ సంవత్సరము సెప్టెంబరులో అమీరుపేటనుండి లాల్ బహదూర్ నగర్ వఱకు మెట్రో రైలు నడచుట మొదలైనపుడు, అచ్చటి స్టేషనొకటి విక్టోరియా మెమోరియల్ అను పేర వెలసెను. దినమును వేలకొలది విద్యార్థులు ఆ పేరు చదువుచు పోవుదురు గాని, దాని వెనుకనున్న తలంపును స్మరించువారు తక్కువ. తల్లిదండ్రులు లేని బిడ్డకు చదువు చెప్పుటకు ముందు ఇల్లు కావలెనని ఆ శరణాలయము నెలకొల్పినవారు తలంచిరి. అందువలన అచ్చట మంచమును బడియు ఒక్క ప్రాంగణముననే అమరినవి. ఆ యింటి చుట్టునే నేడు మంచమున కద్దె గట్టు వీధులు పెరుగుట కాలవైచిత్ర్యము.

హైదరాబాదు రాజ్యమున ఉన్నతవిద్యకు 1887వ సంవత్సరమున ఏర్పడిన నిజాము కళాశాల యుండెను. అది మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధము. 1918వ సంవత్సరమున ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడి, మఱుసటి యేట తరగతులు మొదలిడెను. ఇచ్చట బోధన ఉర్దూభాషలో జరిగెడిది. తెలంగాణపు పల్లెలనుండి వచ్చు తెలుగు బాలునకు భాష క్రొత్త, నగరము క్రొత్త, బంధువు లుండరు. అట్టివానికి విశ్వవిద్యాలయపు ద్వారము తెఱచియున్నను రాత్రి తలదాచుకొనుటకు చూరు లేదు. ఆ 1918వ సంవత్సరముననే పిమ్మట నగరపు కొత్వాలైన రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారి ప్రోత్సాహమున రెడ్డి హాస్టలు నెలకొనుట గమనింపదగినది. అచ్చట భోజనవసతులతోపాటు గ్రంథాలయమును వృద్ధిపొందెను. 1926వ సంవత్సరమున గోలకొండ పత్రికను ప్రారంభించిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఆ వసతిగృహ నిర్వహణలో పాలుగొని ఆ గ్రంథాలయమును పెంచినవారు. తెలంగాణమున పిమ్మట నడచిన ప్రజోద్యమములకు నాయకులైన రావి నారాయణరెడ్డిగారు మొదలగువారు ఆ గృహచ్ఛాయలో చదివినవారే. ఒక పూట కూడును, ఒక దీపమును సమకూర్చుటవలన సంఘమునకు ఎట్టి ఫలము కలుగునో దీనినిబట్టి తెలియును.

ఈ త్రోవను తక్కిన కులములవారును తమతమ వసతిగృహములను కట్టుకొనిరి. పల్లెబాలునకు నగరమున ఆశ్రయము దొరకెను, ఇది మేలే. అయినను ఆశ్రయము కులము పేర దొరకుటవలన, కులమున ధనికులు లేనివారికి ఆశ్రయమే లేకపోయెను. వారముల యరుగు కొంత వెడల్పయ్యెనే గాని గోడలు పడిపోలేదు. ఈ గోడల వెలుపల నిలిచినవారికై భాగ్యరెడ్డివర్మగారు 1906వ సంవత్సరమున జగన్మిత్రమండలిని స్థాపించి, పిమ్మట ఆదిహిందువుల బిడ్డలకు పాఠశాలలు తెఱచిరి. రావి నారాయణరెడ్డిగారు తాము పొందిన యాశ్రయమును తమకే దాచుకొనక, హరిజనబాలురకు వసతిగృహములు నడపిరి. బాలికల విషయమున మాడపాటి హనుమంతరావుగారు 1928వ సంవత్సరమున నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాలను నిలిపిరి.

వసతిగృహము విద్యకు ఎంత ప్రాణాధారమో 1938వ సంవత్సరపు వందేమాతర ఉద్యమము తెలిపినది. ఉస్మానియా విద్యార్థులు వసతిగృహములలో ఆ గీతము పాడగా, అధికారులు వారిని మొదట వసతిగృహములనుండి, పిమ్మట విశ్వవిద్యాలయమునుండి వెడలగొట్టిరి. అధికారులు తొలుత తీసివేసినది తరగతిని గాదు, కూటిని గూటిని. నాగపురము విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షులగు కేదారుగారు వారిని చేర్చుకొనుటచేత పలువురి చదువు నిలిచెను.

విదేశములకు పోయినవారి కథయు ఇట్టిదే. 1895వ సంవత్సరమున సరోజినీదేవిగారు, అప్పటికింకను చట్టోపాధ్యాయ గృహనామముతో, నిజాము ప్రభుత్వపు విద్యార్థివేతనముపై ఇంగ్లండునకు వెడలిరి. ఇట్టి యదృష్టము రాజసన్నిధికి తెలిసిన కుటుంబములకే పట్టెడిది. భీమవరమున 1895వ సంవత్సరముననే జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి దారి వేఱు. తల్లి నగలమ్మి ఆయనను మెట్రిక్యులేషను గట్టెక్కించెను. మదరాసు వైద్యకళాశాలలో మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. 1920 తరువాతి తొలియేండ్లలో ఆయన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు బయలుదేరినపుడు మామగారు కొంత సొమ్ము కూర్చిరి. బర్మాలో వ్యాపారముచే ధనము గడించిన మల్లాడి సత్యలింగం నాయకరుగారి కాకినాడ ధర్మసంస్థ తోడ్పడుదునని మాట ఇచ్చెను. అయినను బోస్టను నగరమున ఉష్ణదేశవైద్యము చదువుచు, పొట్టకై ఆసుపత్రిలో రాత్రివేళల రోగుల మలపాత్రలు శుభ్రముచేయు పనికి కుదురవలసివచ్చెను. వైద్యపట్టము గలవాడు ఈ పనికి సిగ్గుపడలేదు. అది ఆయన ఘనత. కాని అంతటి మేధావి పగలు చదివి రాత్రి నిదుర మాని నిలిచెననుట ఆయన ఘనతకు సాక్ష్యమగునే గాని, అట్లు నిలువలేని సామాన్యవిద్యార్థిని తప్పుపట్టుటకు ఆధారము గానేరదు. 1925వ సంవత్సరమున ఫిస్కెగారితో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిన చేతులు, కొలదికాలము క్రిందట ఆ పాత్రలు తోమిన చేతులే. అట్టి మఱెన్ని చేతులు తొలినెలలలోనే వెనుదిరిగినవో ఎవ్వరు చెప్పగలరు?

డాక్టరు అంబేద్కరుగారి చరిత్ర దీనికి మఱొకవైపు చూపును. 1913వ సంవత్సరమున ఆయన బరోడా మహారాజావారి వేతనముపై న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయిరి. నెలకు పదునొకండున్నర పౌనుల చొప్పున మూడేండ్లకు ఆ వేతనము ఏర్పాటైనది. నెలనెలయు అందు సొమ్ము గనుక కడుపు కట్టుకొని, పుస్తకములు కొని చదివిరి. పిమ్మట లండను చేరినను, గడువు తీఱి వేతనమాగుటచేత 1917వ సంవత్సరమున చదువు సగములో విడిచి మరలిరి. బరోడాలో ఉద్యోగము సిద్ధముగా నుండెను. కాని అస్పృశ్యుడను కారణమున ఆయనకు అద్దెకు గది ఇచ్చువారు లేక, పారసీల సత్రమునుండియు గెంటివేయబడి, ఆ కొలువును ఆయూరును విడువవలసివచ్చెను. చేతిలో సొమ్మున్నను గూడు దొరకనివాని దుఃఖము ఆయనకు అనుభవమున తెలిసినది. తరువాత బొంబాయిలో ఆచార్యపదవి చేసి, కొంత కూడబెట్టి, కొల్హాపుర మహారాజు సాహాయ్యముతోను, ఒక పారసీమిత్రుని ఋణముతోను 1920వ సంవత్సరమున మరల లండను చేరి చదువు పూర్తిచేసిరి. ఆయన రాజప్రతినిధి కార్యనిర్వాహకసభలో సభ్యులుగా నున్న దినములలోనే, 1944వ సంవత్సరమున, షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్యులేషను తరువాతి చదువులకై కేంద్రప్రభుత్వపు ఉపకారవేతనములు మొదలైనవి. విద్యార్థిధనము దాతదయనుండి పౌరునిహక్కుగా మాఱుటకు ఇది తొలిమెట్టు.

స్వాతంత్ర్యానంతరము ఈ మెట్లు హెచ్చినవి. విదేశవిద్యకు కేంద్రప్రభుత్వవేతనములు 1954వ సంవత్సరమునుండి కలవు. సమైక్య ఆంధ్రప్రదేశమున 2008వ సంవత్సరమున బోధనరుసుమును ప్రభుత్వమే తిరిగి చెల్లించు పథకము, అనగా ఫీజు రీయింబర్స్‌మెంటు, విరివిగా అమలులోనికి వచ్చెను. కూలివారి బిడ్డలు ఇంజనీరింగు, పోస్టుగ్రాడ్యుయేటు తరగతులలో కూర్చుండుటకు ఇది కారణమైనది. వారముల పంక్తిలో చోటులేని కులములబిడ్డలకు ఇచ్చట చోటు దొరకినది. ఈ మేలు సామాన్యమైనది కాదు.

అయితే ఈ ధనము వచ్చు వేళ చూడుడు. తెలంగాణమున పథకము రెండు పాళ్లుగా నున్నది: కళాశాలకు చేరు బోధనరుసుము ఒకటి, విద్యార్థి పోషణకై ఇచ్చు ఉపకారవేతనము రెండవది. విద్యార్థి మొదట చేరవలెను, పిమ్మట దరఖాస్తు పెట్టవలెను, కులాదాయపత్రములు పరిశీలింపబడవలెను, బిల్లు ఖజానాకు పోవలెను, అటుపై నిధులు విడుదల కావలెను. ఇన్ని మెట్లు దిగివచ్చునప్పటికి తఱచు చదువుయేడాదియే గడచిపోవును. బకాయిలు పేరుకొని 2025వ సంవత్సరమున తెలంగాణపు ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసి నిరసన తెలుపువఱకు వచ్చినది. ఈ నడుమ కొన్ని కళాశాలలు విద్యార్థినే రుసుము ముందు కట్టుమనుటయు, బకాయి తీఱువఱకు ధ్రువపత్రములను తమయొద్ద నుంచుకొనుటయు కలదు. రుసుము గతియే ఇట్లుండ, అంతకంటె చిన్నదగు పోషణవేతనము గతి చెప్పనేల? ఆకలి జూన్, జూలైలలో వచ్చును. అన్నము మఱుసటి వేసవికి వచ్చును.

విదేశవిద్యకు తెలంగాణప్రభుత్వమిచ్చు అంబేద్కర్ విద్యానిధి యిరువదిలక్షల రూపాయల గొప్పసాయము. కాని అదియు రెండు భాగములుగా, మొదటిభాగము విద్యార్థి ఆ దేశమున దిగినట్లు రుజువు చూపినపిదపనే అందునట్లు ఏర్పాటైనది. దిగుటకు ముందు కట్టవలసిన ప్రవేశపు సొమ్ము, విమానపు చీటి, మొదటి అద్దె ఎవరివి? పరిశోధకవిద్యార్థికి విశ్వవిద్యాలయ నిధులసంఘమిచ్చు వేతనము 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలైనది. కాని చేరిన మొదటినెలనే అది చేతికి వచ్చుట యరుదు. బ్యాంకుల విద్యాఋణము నాలుగులక్షలవఱకు తనఖా లేకయే ఇయ్యవలెనని నియమము కలదు. ఏడున్నరలక్షలు దాటినచో సాధారణముగా ఆస్తి చూపవలెను. ఆస్తిలేని యింటిబిడ్డకు ఆ ద్వారము అచ్చటనే మూతపడును.

ఇట్లు ఆగిపోయిన వేళను పూరించునది వడ్డీవ్యాపారి. ఒక కుటుంబము నూహింతము. సూర్యాపేట ప్రక్క పల్లెయందలి రైతుకూలి తన కుమార్తెకు పై తరగతిలో సీటు రాగా, రుసుము ప్రభుత్వమే ఇచ్చునను ధైర్యముతో, తొలిఖర్చులకు ఏబదివేల రూపాయలు నూటికి రెండు రూపాయల నెలవడ్డీకి తెచ్చెననుకొందము. నెలకు వడ్డీయే వెయ్యి రూపాయలు, ఏడాదికి పండ్రెండువేలు. ప్రభుత్వధనము ఏడాది యాలస్యమైనచో ఆ యాలస్యపు వెల కట్టినది ఖజానా కాదు. ఆ కూలి కట్టెను. ఎవ్వరును శాసనము చేయకయే పేదవానిపై పడిన పన్ను ఇది. అప్పు దొరకనిచో, లేక ఇంటిలో కొడుకును చదువుచున్నచో, మొదట ఆగునది కూతురి పయనము. “సీటు వచ్చినది గాని పంపజాలము” అను మాట తెలుగిండ్లలో ఆడుపిల్లలకే ఎక్కువగా వినవచ్చుచున్నది. బాలుడు రైల్వేస్టేషనులో ఒకరాత్రి గడపిననైన గడపును. బాలికకు అట్లు చెల్లదు. కావున గూటివ్యయము ఆమె విషయమున తప్పించుకొనరానిది. ఆమె చదువునకు తొలినెలసొమ్మే నిజమైన రుసుము.

ఇప్పుడు చేయవలసినదేమి? గృహస్థులు మొదట లెక్క వ్రాయ నేర్వవలెను. బిడ్డ సీటు వచ్చిన దినమున రుసుమొక వరుస, తొలి మూడునెలల కూడుగూడు ఖర్చు మఱొక వరుస వ్రాసి, ఏ సొమ్ము ఏ తేదీకి నిజముగా చేతికందునో ప్రక్కన గుర్తింపవలెను. వచ్చునన్న సొమ్మును వచ్చిన సొమ్ముగా లెక్కింపరాదు. ఆ లెక్కను బిడ్డకు దాచరాదు. ఇరువదియేండ్లు దాటినవాడు ఇంటి అప్పు ఎఱుగుట అవమానము కాదు. ఎఱుగనివాడే ముందువెనుక చూడక వెచ్చించును. వసతిగృహమున కట్టిన అడ్వాన్సునకు, కళాశాలలో కట్టిన ప్రతి రూపాయికి రసీదు పుచ్చుకొని భద్రపఱుపవలెను. వివాహమునకై బంగారము కూర్చు తల్లులు, అందులో ఒక తులము కుమార్తె తొలినెలకని వేఱుగా నుంచుట వ్యర్థము కాదు. సుబ్బమ్మగారి పట్టుచీర చేసినపని అదియేగదా.

చదివి స్థిరపడినవారి బాధ్యత యింకను పెద్దది. పూర్వము ఏడిండ్లు కలిసి ఒక బాలుని నడపినవి. నేడు ఒక కళాశాలలో చదివి ఉద్యోగస్థులైన ఏడుగురు కూడి ఒక తొలినెల నిధిని నడపుట కష్టమా? దానము కానక్కఱలేదు, వడ్డీలేని చేబదులుగా ఇచ్చి, ఉపకారవేతనము రాగానే తిరిగి తీసికొని, మఱుసటి యేట మఱొకనికి ఇయ్యవచ్చును. వారములలోని త్వరను, హాస్టళ్లలోని క్రమమును గైకొని, వానికున్న కులపుగోడను మాత్రము విడువవలెను. దరఖాస్తు ఒక్కపుట యుండవలెను. విచారణ ఒక్క దినములో ముగియవలెను. సాయము చిన్నదైనను వేళకు రావలెను.

ప్రభుత్వము చేయవలసిన పని యొక్కటి కలదు. రుసుము కళాశాలకును ప్రభుత్వమునకును నడుమ లెక్క. దానిని వారెట్లయినను తీర్చుకొనవచ్చును. పోషణవేతనము విద్యార్థి కడుపునకు సంబంధించినది. దానిలో తొలి మూడునెలల భాగమునైనను ప్రవేశదినముననే చేతికిచ్చి, పరిశీలన పిమ్మట జరుపుకొనరాదా? తప్పుగా పొందినవాడు దొరకినచో తిరిగి రాబట్టు మార్గములు ప్రభుత్వమునకు వేయి కలవు. చదువుమాని పల్లెకు మరలిన బాలికను తిరిగి తరగతికి రాబట్టు మార్గము మాత్రము ఒక్కటియు లేదు.

మనపూర్వులు ధనహీనులైనను మొదటినాటి విస్తరి మఱవలేదు. ఆ విస్తరిని అందఱి ముందఱ వేయుట మాత్రము వారికి చేతకాలేదు. మనము అందఱికిని హక్కు నిచ్చితిమి. అది మొదటినాడే అందునట్లు చేయుట మనకింకను చేతకాలేదు. ఈ రెండును కూడిననాడే సరూర్‌నగర్ బాటపై బస్సు దిగు పేదబిడ్డకు విద్య నిజముగా అందినదని చెప్పదగును.